రెండు పొట్లాలు

"అక్కా, ఐసు గట్టిన సెరువు మీద సేపలు పట్టడానికి ఏ బండి కొనాలో అమ్మోరిని అడిగి సెప్పు లా," అని కెనడా నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మలేషియాలోని మా బాగన్ దాతుక్‌లో తెలుగువాళ్లు బండి కొనేముందు అమ్మవారి దగ్గర పువ్వడుగుతారు. నాలుగు చక్రాల బండికి ఎర్రపువ్వు, మంచు మీద జారే బండికి తెల్లపువ్వు పెట్టి, అరిటాకుల్లో పొట్లాలు కట్టి అమ్మవారి ముందుంచాను.

"ఐసు ఇరిగితే ఏటి గతిరా?"

"ఇరగదక్కా. నువ్వు తియ్యి."

కళ్లు మూసుకుని ఒకటి తీశాను. తెల్లపువ్వు వచ్చింది. వాడు ఫోన్‌లో ఈల వేశాడు. వెళ్లొద్దని చెప్పే పువ్వు నేను ఏ పొట్లంలోనూ పెట్టలేదు. ఊరికే రెండోది కూడా విప్పి చూశాను.