రాజేశం నంబరుతో పరుగెత్తిన శుక్రవారం

పందెం 2017 ఫిబ్రవరి 10, శుక్రవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. నా చొక్కాకు నాలుగు పిన్నులతో గుచ్చుకున్న ఒక గుడ్డ నంబరు. అది నాది కాదు. ఐదేళ్ళకు పైగా దాని బరువు మోస్తున్నాను.

ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పలేకపోయినది ముఖం తెలియని మీకు చెబుతున్నాను. ఇది ధైర్యమో కాదో నాకు తెలియదు.

మా నాన్న దోహాలో కంపెనీ బస్సు డ్రైవరు. బర్వా అల్ బరాహా క్యాంపు నుంచి అల్ తుమామాలో కడుతున్న స్టేడియానికి పనివాళ్ళను తీసుకెళ్ళేవారు. నేను దోహాలోనే కళాశాలలో చేరాను; మా వంశంలో కళాశాలకు వెళ్ళిన మొదటివాణ్ణి నేను. అది కూడా చదువు ఒక్కదాని వల్ల కాదు. పరుగు జట్టులో ఉన్నంత కాలం నాకు ఫీజు లేదు. జట్టులో ఉండాలంటే ఏటా ఒక పత్రం మీద సంతకం చేయాలి: ఏ పందెంలోనూ గెలిచి నగదు బహుమతి తీసుకోలేదని. ఒక్కసారి తీసుకున్నా ఔత్సాహిక క్రీడాకారుడిగా లెక్కలోకి రాము. జట్టూ పోతుంది, ఫీజు రాయితీ కూడా పోతుంది.

రాజేశం నిర్మల్ వైపు వాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. ఇంటర్ పాసై, సైటులో ఇనుప కడ్డీలు కట్టే పనికి నాన్న బస్సులోనే వెళ్ళేవాడు. సెలవు రోజుల్లో మేమిద్దరం కలిసి పరుగెత్తేవాళ్ళం. ప్రతిసారీ అతనే ముందుండేవాడు. అక్కడ వారపు సెలవైన ఆ శుక్రవారం, కంపెనీల పనివాళ్ళకు పది కిలోమీటర్ల పందెం పెట్టారు. రాజేశం పేరు ఇచ్చుకున్నాడు. కానీ ఫోర్‌మన్ అతనికి ఆ రోజు కూడా డ్యూటీ వేశాడు. నంబరు వృథా ఎందుకని, తన కంపెనీ గుర్తింపు కార్డుతో సహా నాకిచ్చాడు. కేవలం పరుగు మీది ఇష్టంతో తీసుకున్నానని రాయబోయాను. అది నిజం కాదు. మొదటి బహుమతి రెండు వేల రియాళ్ళని నాకు తెలుసు.

గెలిచాను. రాజేశం అని సంతకం చేసి కవరు అందుకున్నాను. అతనికి ఇవ్వబోతే, ఉరికింది నువ్వు, ఫులూస్ నీవే అని నవ్వాడు. ఆ డబ్బుతో మంచి బూట్లు కొన్నాను. తర్వాతి సీజను మొదట్లో ఆ బూట్లతోనే వెళ్ళి, ఎన్నడూ నగదు తీసుకోలేదని పత్రం మీద సంతకం చేశాను.

అదే నెలలో మా కళాశాల సాయంత్రం డిప్లొమాలో ఒక సీటును, ఫీజు లేకుండా, కంపెనీల్లో పనిచేసే పరుగువీరుడికి కేటాయించింది. దానికీ అదే నగదు నియమం. మా జట్టు కోచ్‌కు రాజేశం పేరు చెప్పింది నేనే. ఎందుకు చెప్పాను? మంచితనమా, తప్పు దిద్దుకునే తొందరా? ఆ పందెం జాబితా కోచ్ దగ్గరికి రాగలదని ఎలా మరిచాను?

వచ్చింది. కోచ్ మా ఇద్దరినీ గదికి పిలిచి, ఆ కాగితం చూపించి, నగదు తీసుకున్న ఈ రాజేశం నువ్వేనా అని అతన్ని అడిగారు. రాజేశం నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అంటే చాలు. బల్ల మీది నీళ్ళ సీసా మూతను చూస్తూ కూర్చున్నాను.

నేనే అన్నాడు రాజేశం. అతని సీటు పోయింది.

మెట్ల దగ్గర అతన్ని ఆపాను.

"అన్నా, నేను చెప్పాల్సింది."

"మరి చెప్తివా?"

అతను ఒక మెట్టు దిగి, మళ్ళీ అన్నాడు.

"కార్డు ఇంకొకనికి ఇచ్చిన అని తెలిస్తే కంపెనోడు నన్ను విమానం ఎక్కించి ఇంటికి పంపుతుండె. నీ కోసం ఒప్పుకున్న అనుకోకు తమ్మీ." నా కాళ్ళ వైపు చూశాడు. "బూట్లు మంచిగున్నయి. గట్టిగ ఉరుకు."

అతను తన ఉద్యోగం కోసమే ఒప్పుకున్నాడన్న ఆ ఒక్క మాట వెనక నేను ఏళ్ళ తరబడి దాక్కున్నాను. అది నిజమే కావచ్చు. కానీ నా మౌనానికి అది కారణం కాదు; ఎందుకంటే, అతను ఆ మాట అనడానికి ముందే నేను మౌనంగా ఉన్నాను.

పట్టా వచ్చింది. నాన్న దాన్ని ఫ్రేము కట్టించారు. ఇప్పుడు 2022. స్టేడియం సిద్ధమైంది, ప్రపంచ కప్పుకు ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. నాకు ఉద్యోగం ఉంది, అల్ ఘర్రాఫాలో ఇల్లుంది, నిద్ర పడుతుంది. నేను సంతోషంగానే ఉన్నానని చెప్పడానికే కొంత సిగ్గుపడుతున్నాను. రాజేశం ఊరికి తిరిగి వెళ్ళి, కానిస్టేబుల్ పరీక్షకు వెళ్ళేవాళ్ళకు బడి మైదానంలో పరుగు నేర్పుతున్నాడు. పోయిన నెల ఫోన్ చేసి, కళాశాలకు నిజం రాయబోతున్నానని చెప్పాను. అంతా విన్నాడు. నాన్న మోకాలి నొప్పి ఎట్లుందని అడిగాడు. మైదానంలో పిల్లలు ఎదురుచూస్తున్నారని ఫోన్ పెట్టేశాడు.

ఉత్తరం పంపాను. జట్టు ఫలకం మీద నా పేరు తీసేశారు. గోడ మీది ఫ్రేములోని పట్టాను ఎవరూ వెనక్కి అడగలేదు. దాని వెనక కథ నాన్నకు చెప్పాను. శుక్రవారాలు ఇప్పటికీ పరుగెత్తుతున్నాను, నంబరు లేకుండా.