గాజుపెట్టెలో సవతి

ముప్పై తొమ్మిదేళ్ళపాటు ఇల్వా ఇంట్లో ఒక్క తీరుగానే తెల్లవారింది. ఐదింటికి పొయ్యి మీద కాఫీ పెట్టడం, తీగ మీద ఆరిన నారబట్ట ముక్క తీసి ఇస్త్రీ చేయడం, నాలుగు మడతలు వేసి భర్త ఒరెస్తె కోటు జేబులో కుక్కడం. అతను గుడికి పోయి, ఆ బట్టతో పునీత జీతా దేహం ఉన్న గాజుపెట్టె తుడిచి, ఎనిమిదింటికి తిరిగొచ్చి మాసిన బట్టను తొట్లో పడేసేవాడు. ఇల్వా దాన్ని ఉతికి కిటికీ బయట ఆరేసేది. ఇప్పుడు రెండు నెలలుగా ఆ తీగ ఖాళీగా ఊగుతోంది. ఐదింటికి మెలకువ మాత్రం వస్తూనే ఉంది.

మామూలు బట్టయితే అంత కడుపుమంట ఉండేది కాదు. అది వాళ్ళ పెళ్ళి దుప్పటి. ఇల్వా తల్లి ఒక చలికాలమంతా కూర్చుని అంచు కుట్టిచ్చింది.

"కొత్త గుడ్డకి నూగు రాలుతుందే. బాగా వాడిన నార అయితే గాజు మీద గీత పడదు," అన్నాడు ఒరెస్తె, గుడి పనిలో చేరిన కొత్తల్లో.

"అయితే చింపు. నా పక్క చింపి దాని మొహం తుడువు."

"దాని, దీని అనకే. పునీతురాలు."

"పునీతురాలైతే ఆడది కాకుండా పోయిందా?"

వీధిలో ఇదో పెద్ద వేళాకోళం. "మా ఇల్వాకి సవతి ఉందర్రా, వయసు ఏడువందల ఏళ్ళు!" అనేది పక్కింట్లో ఉండే పూలమ్మే దెర్నా. "కొట్లాడదు, కూడు అడగదు. అంత మంచి సవతి ఎవరికి దొరుకుతుంది?" అందరితోపాటు ఇల్వా కూడా నవ్వేది. లోపల మాత్రం నిప్పు మీద ఉప్పు వేసినట్టుండేది.

పన్నెండో ఏట ఒక ఇంట జీతానికి కుదిరి, పోయేదాకా అదే ఇంట చాకిరీ చేసిన మనిషి జీతా. ఒకనాడు ప్రార్థనలో పడి రొట్టెల సంగతే మరిచిపోతే, దేవదూతలొచ్చి పిండి పిసికి రొట్టెలు చేసిపెట్టారట. వాళ్ళ లూక్కా ఊళ్ళో ప్రతి అత్తా కోడలికి చెప్పే కథే. ఒరెస్తె అది ఎత్తుకున్నప్పుడల్లా ఇల్వాకి ఒళ్ళు మండేది.

"నేనూ పిసుకుతున్నాగా ఇన్నేళ్ళూ! ఒక్క దూత రెక్క నుంచి ఒక్క ఈకయినా రాలిందా నా పిండిలో?"

ఒరెస్తె "ఊఁ" అని కోటు తగిలించుకునేవాడు. తిండి దగ్గరా అంతే. "ఉప్పు సరిపోయిందా?" అంటే "ఊఁ." "ఇంకాస్త వెయ్యనా?" అంటే "ఊఁ." నలభై అయిదేళ్ళ కాపురం ఆ ఊఁ మీదే నడిచింది.

ఫిబ్రవరిలో అతనికి నెమ్ము చేసింది. ఇల్వా నాలుగు రోజులు మంచంపట్టె వదల్లేదు. నాలుగో రోజు అతను కళ్ళు తెరిచాడు. "గాజు తుడిచారా?" అన్నాడు. అదే ఆఖరి మాట.

చూడవచ్చినవాళ్ళు, "చివరికి ఏమన్నాడమ్మా?" అని అడిగారు. "నా పేరు పిలిచాడు," అని చెప్పింది ఇల్వా.

ఏప్రిల్లో జీతా పండక్కి వారం ఉందనగా ఫాదర్ గారు గుమ్మంలోకి వచ్చారు. "అమ్మా ఇల్వా, కొత్తాయన సబ్బునీళ్ళతో పెట్టె ముందు పక్కంతా కడిగేశాడు. అంతా పాలు పోసినట్టు మసక. లోపలున్నది పునీతురాలో పిండిమూటో తెలియడం లేదు. నీ చేత్తో ఒక్కసారి..."

"మోకాళ్ళు పట్టేశాయి ఫాదర్. నావల్ల కాదు."

ఆయన వెళ్ళీ వెళ్ళగానే దెర్నా పూలబుట్టతో వచ్చి కూలబడింది. "ఏమే, పోకూడదూ? నీ ముసలాయన ఆ పెట్టె వెనకాల కూర్చుని రోజూ దానికేం చెప్పేవాడో తెలుసా?"

"నాకెందుకు?"

"నీ వంటే! 'నిన్న మా ఇంట్లో చెస్ట్‌నట్ పిండి రొట్టె, జీతమ్మా. పైన రోజ్‌మేరీ ఆకు చల్లింది మా ఆవిడ. అలాంటి రొట్టె నీ దొరలు కూడా తిని ఉండరు' అని. గుడిలో పూలు మారుస్తూ ఈ చెవులతో విన్నాను."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఇల్వా చెయ్యి ఆగిపోయింది. తనకి రావలసిన మెచ్చుకోలు! తన పొయ్యి దగ్గర ఒక్కనాడూ పెదవి దాటని మాట, మోసుకెళ్ళి ఆ ఎండిపోయిన చెవిలో పోశాడా?

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదే?"

"సవతుల మధ్య నేనెందుకే తల్లీ!"

పండగ ముందురోజు పొద్దున్నే ఇల్వా వెళ్ళింది. చేతిలో మిగిలిన ఆఖరి దుప్పటి ముక్క, చిన్న సీసాలో వెనిగర్. ఒక చుక్క వెయ్యడం, నోటితో ఊదడం, తుడవడం. ఒరెస్తె చెప్పగా విన్న పద్ధతే. సబ్బు మసకా, పిల్లల వేలిముద్రలూ, ముసలమ్మల ముద్దులూ ఒక్కటొక్కటే పోయాయి. లోపల ఎండు బేరిపండులాంటి మొహం తేలింది. 'అందగత్తె కూడా కాదు,' అనుకుంది.

తర్వాత వెనక్కి వెళ్ళింది. గోడకీ పెట్టెకీ మధ్య మనిషి పక్కవాటుగా పట్టేంత సందు, అందులో ఓ చిన్న పీట. భక్తులెవరూ అటు రారు. ఇల్వా పీట మీద కూర్చుంది. అక్కణ్ణించి జీతా మొహం కనబడదు, ఒక చెవి కనబడుతుంది అంతే.

ఆ చెవికి ఎదురుగా గాజు మీద జిడ్డు మరక. నుదుటంత వెడల్పు. దాని కింద ముక్కు కొస ఆనిన చుక్క. రోజూ తుడిచి, రోజూ నుదురు ఆనించి కూర్చునేవాడన్నమాట ఒరెస్తె. ఇది ఆఖరుది.

ఇల్వా బట్ట ఎత్తింది. ఊదబోయి ఊపిరి బిగపట్టింది.

"రెండు నెలలుగా చెప్పుకోవడానికి ఏమీ లేదులే," అంది ఆ చెవితో. "ఒక్కదానికి ఏం వండుతాను?" బట్ట దించి, "ఇది ఉంచుతున్నది నీ కోసం కాదు. ఆ సంగతి తెలుసుకో," అంది.

మరక చుట్టూ తుడిచింది. దాని జోలికి పోలేదు.

బయటికొస్తుంటే ఫాదర్ గారు ఎదురయ్యారు. "అటుపక్క కూడా అయిందా అమ్మా?"

"అటుపక్క ఎవరు చూస్తారు ఫాదర్?" బట్ట మడిచి జేబులో పెట్టుకుంది ఇల్వా. "రేపట్నుంచి నేనే వస్తాను. ఆ సందులోకి ఇంకెవర్నీ పోనివ్వకండి."