పై గుండం దగ్గర పెద్దాయన

రాచర్ల దాటి నల్లమలలోకి పోతే నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి వస్తుంది. పక్కనే కొండమీంచి నీళ్లు దూకే గుండం. నెమలి ముక్కుతో తవ్విందని చెబుతారు. దానికి ఎగువన, కొండమీద ఇంకో గుండం ఉంది. మా తాలూకా కర్నూలు జిల్లాలో, ఆ జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో అక్కడికి ఎద్దులబండిలోనే పోయేవాళ్లం. శనివారం దర్శనం చేసుకుని, పొద్దు వాలేలోగా అడవి దాటాలి. ఆ తర్వాత గుడి మనది కాదు, అడవిది అనేవారు.

మా ఇంట్లో తాతను పెద్దాయన అనేవాళ్లం. కోడలిగా అమ్మ అట్లా అనేది, విని విని నాకూ అదే అలవాటైంది. ఆయనకు అప్పటికే చూపు మసక. మనుషుల్ని గొంతు విని పోల్చుకునేవాడు.

ఆ శనివారం అన్నాలు తిని చూస్తే తాత లేడు, ఆయన చెంబూ లేదు.

"పై గుండం నీళ్లు తియ్యగుంటాయని పొద్దుట్నుంచీ అంటానే ఉండాడు," అంది అమ్మ. "పోయి పిల్చుకరా. బండి కట్టే పొద్దయింది."

పైకి పోయే బాటలోకి పక్క దోవ నుంచి ఒక చెంచు ఆమె చెట్ల జిగురు బుట్ట నెత్తిన పెట్టుకుని గబగబా దిగివస్తోంది.

"అక్కా, పెద్దాయన కనపడినాడా?" అని అడిగాను.

ఆమె నిలబడింది. గొంతు తగ్గించి, "కనపడినాడు. పై గుండంలో నీళ్లు తాగి నీడన పండుకోని ఉండాడు," అంది.

నా మనసు కుదుటపడింది. "ఒక్కడేనా?"

"ఆయనకు తోడెందుకు?"

"చూపు ఆనదు కదా. చెయ్యి పట్టుకుని దింపుకరావల్ల."

"చెయ్యి పట్టుకుంటావా?" ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "కల్లేమన్నా తాగినావా, నాయనా?"

"మా తాత చెయ్యి నేను పట్టుకోకుంటే ఎవరు పట్టుకుంటారు?"

ఆమె బుట్ట దించింది. ముఖంలో నవ్వు పోయింది. "నేను చెప్పింది మీ తాతను కాదు," అంది.

అడవిలో పులిని పులి అనరు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందట. పెద్దాయన అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణందాకా తట్టలేదు.

 "మా తాత పోయింది ఆడికే," అన్నాను. కేక వేయబోతే ఆమె నా నోరు మూసింది. "అరిస్తే ఆ పెద్దాయన లేస్తాడు," అంది. ఆమె ముందు, నేను వెనక, ఆకు చప్పుడు కాకుండా ఎక్కాం. బాట పక్క మెత్తటి మన్నులో తాత చేతికర్ర గుర్తులు కనిపించాయి. వాటి పక్కనే వెడల్పాటి అడుగు. ఆమె దాన్ని చూసింది, నన్ను చూడలేదు.

మలుపు దగ్గర కర్ర చప్పుడు వినిపించింది. తాత చెంబు పట్టుకుని, ఒక్కో రాయి తడుముకుంటూ దిగివస్తున్నాడు.

"ఎవరిదో ఎర్రెద్దు నీళ్లకు అడ్డంగా పండుకోనుంది," అన్నాడు విసుగ్గా. "హెయ్ అని అదిలించినా. తల తిప్పి చూసింది గాని లేవలే. ఇంకోపక్క ముంచుకున్నా."

ఆమె తాతను ముందు నడవమని, మా వెనకాల బండి దాకా వచ్చింది. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది.

"పెద్దాయన వచ్చినాడా?" అని అమ్మ దూరం నుంచే అడిగింది. నేనూ చెంచు ఆమే ఒక్కసారే వెనక్కి తిరిగాం.

జరిగింది విని, తాతకు చెప్పొద్దంది అమ్మ. మరుసటి శనివారం బండి కడుతుంటే ఆయన జొన్నచొప్ప కట్ట ఒకటి మోసుకొచ్చి బండిలో వేశాడు.

"ఆ ఎద్దుకు," అన్నాడు. "ఎవరో వదిలేసి పోయినట్టుండారు. ఈసారి దగ్గరికి పోయి ఏస్తా."

ఇక చెప్పక తప్పలేదు. విని బండి నొగ పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే నన్ను చూసింది," అన్నాడు.

ఎద్దుల్ని ఆయనే విప్పేశాడు.