ఎర్ర దారం కట్టిన చిక్కుడు కాయలు

గద్వాల నుంచి అవ్వ నంబరు మోగితే నేను ముందే నవ్వుకుంటూ ఫోను ఎత్తేదాన్ని. అవతలి నుంచి "బాగున్నవా" అనే మాట ఎప్పుడూ వచ్చేది కాదు. "చిక్కుడెట్లుంది బిడ్డా?" అనే వచ్చేది. మొన్న మాఘంలో ఒక పొద్దున, వనపర్తిలో పిల్లల హాజరు తీసుకుంటుండగా అదే నంబరు మోగింది. మాట్లాడింది అవ్వ కాదు, ఆమె కొడుకు. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి గట్లనే ఒరిగింది" అన్నాడు. పిల్లల్ని పక్క తరగతి టీచరుకు అప్పజెప్పి బస్సెక్కాను.

ఆమె నాకు బంధువు కాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను గద్వాలలో అద్దెకున్న ఇంటికి పక్కిల్లు వాళ్లది. నేత కుటుంబం. లోపల గుంట మగ్గం మీద కొడుకు చీర నేస్తుంటే, గడప దగ్గర రాట్నం ముందు కూచుని ఈమె కండెలు చుట్టేది. వీధి మొత్తానికి ఆమె అవ్వ. నాకూ అవ్వే అయింది.

మా రెండిళ్ల మధ్య ఒక సందు ఉండేది. నులకమంచం వేస్తే ఇక మనిషి నడవడానికి చోటుండదు, అంతే వెడల్పు. అందులో ఆమె చిక్కుడు పెట్టేది. రెండు గుంతలు, గుంతకు రెండు గింజలు. మొలిచాక బలమైనదాన్ని ఉంచి రెండోదాన్ని పీకేసేది. పీకేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేది. చీరలు దిగాక మగ్గానికి మిగిలిన నూలు పడుగు కొసలను తాళ్లుగా పేని, నేల నుంచి మిద్దె పిట్టగోడ దాకా కట్టేది. పట్టుపోగులు ఇంకా గట్టివి కదా అని నేనొకసారి అంటే, "పట్టు కోస్తది బిడ్డా, తీగె మెడ తెగుతది. నూలయితే తీగెతోని పాటు అదే కుళ్లిపోతది" అంది. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని పల్చగా చేసి మొదట్లో పోసేది. తీగ మనిషెత్తు కాగానే తల తుంచేసింది. అది చూసి నేను అయ్యో అన్నాను. వారం తిరక్కుండా పక్కల నుంచి నాలుగు కొమ్మలు లేచాయి. కార్తీకం వచ్చేసరికి ఆ సందులోంచి చూస్తే ఆకాశం కనబడలేదు.

ఆ చిక్కుడు అంగట్లో దొరికే రకం కాదు. కాయ అంచు వంకాయ రంగు, లోపల నల్ల గింజ, గింజకు తెల్లటి కన్ను. అవ్వ పుట్టింటి విత్తనం అది. ఆ ఊరు కృష్ణ ఒడ్డున ఉండేదట. ప్రాజెక్టు కట్టినప్పుడు నీళ్ల కిందికి పోయింది, జనం తలా ఒక దిక్కు పోయారు. ఇల్లు ఖాళీ చేసిన రోజు తల్లి ఆమె కొంగులో ముడేసి ఇచ్చింది ఈ గింజలే. "మీ ఊరు యాడ అని ఎవలన్న అడుగుతే ఏం జూపియ్యాలె? గీ గింజ జూపిస్త" అనేది.

అందుకే ప్రతి ఏడూ పుష్యమాసంలో బాగా ఎదిగిన కాయలు పది ఎంచి, ఒక్కో తొడిమకు ఒక ఎర్ర దారం ముక్క కట్టేది. అవి విత్తనానికి. వీధిలో ఎవరూ వాటి జోలికి పోరు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందే కాబట్టి చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు.

నాకు తెలిసింది వేరు. ఆ వీధిలో ఉండి నేత పని సంగతులు నాలుగు వంటబట్టాయని నాకు లోలోపల గర్వం. పడుగు మీద ఒక చీరకూ ఇంకో చీరకూ మధ్య ఎర్ర రంగుతో గుర్తు పెడతారు. నేత ఆ గుర్తు దాకా వచ్చిందంటే చీర అయిపోయినట్టు, అక్కడ కోయాలి. నేనక్కడికి వచ్చాక మొదటి పుష్యంలో అవ్వ చుట్టాల్ని చూడ్డానికి వడ్డేపల్లి పోతూ, "కాయలు కోసుకొని వండుకో బిడ్డా" అని చెప్పి పోయింది. సందులోకి వెళ్లి చూస్తే ఎర్ర దారాలు కనిపించాయి. నా కోసమే గుర్తు పెట్టి పోయిందనుకుని మురిసిపోయాను. పదికి పది కోసి, గింజలొలిచి, ఉల్లిగడ్డ, కారం వేసి కూర వండాను. ఆమెకూ ఒక గిన్నెలో తీసిపెట్టాను.

మర్నాడు ఆమె రాగానే సంబరంగా గిన్నె పట్టుకుని ఎదురు వెళ్లాను. అవ్వ గిన్నెలోకి చూసింది, సందులోకి చూసింది.

"దారం కట్టినయి కోసినవా?"

"అవునవ్వా, నువ్వే గద గుర్తు పెట్టి పోయినవ్."

మగ్గం గుంటలోంచి కొడుకు, "అయ్యో అక్కా, అవి ఇత్తనానికి!" అని అరిచాడు.

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. అప్పటికే తీగకు పేనుబంక పట్టి పూత ఆగిపోయింది. మిగిలిన లేత కాయలు గింజ కట్టకుండానే ముడుచుకుపోతున్నాయి. ఏడాది దాటితే పురుగు పడుతుందని డబ్బాలో పాత గింజ ఉంచే అలవాటు ఆమెకు లేదు. ఆ ఊరు రెండోసారి మునిగింది, ఈసారి నా గిన్నెలో.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గడప మీద కూచుని, "రొట్టె ఉన్నదా బిడ్డా?" అంది. జొన్నరొట్టె తెచ్చిచ్చాను. తుంపుకుని ఆ కూరతో తినసాగింది. నాకు ఏడుపు ఆగలేదు.

"పరేషాన్ గాకు. గింజల కూర మా అమ్మ గిట్లనే వండేది. ఇత్తనం ఇత్తనం అనుకుంట నేను ఎన్నడు నోట్లె పెట్టుకోలే" అంది. గిన్నె తుడుచుకుని తింది. ఖాళీ గిన్నె నా చేతికిస్తూ, "ఉప్పు జర తక్కువైంది" అంది.

మర్నాటి నుంచి ఇద్దరం ఆకు ఆకూ వెతికాం. నాలుగో రోజున, ఒక కొమ్మ పిట్టగోడ దాటి వెనకింటి రేకుల మీదికి పాకిందని ఆమే కనిపెట్టింది. అక్కడ ఎవరి కంటా పడని కాయ ఒకటి ఎండి ఉంది. విప్పితే నాలుగు గింజలు, ఒకటి పుచ్చు. మిగిలిన మూడింటినీ అరచేతిలో పెట్టుకుని చూసి, ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. దాంతో పాటు ఒక ఎర్ర దారం ముక్క.

"నాకొద్దవ్వా, మళ్ల పోగొడత" అన్నాను.

"ఒక్కసారి పోగొట్టినదానివి, ఇంక నీకన్న పైలంగ ఎవలు చూస్తరు? అన్ని ఒక్క తాన ఉండొద్దు బిడ్డా. మా ఊరోళ్లం అందరం ఒక్క తాన్నే ఉంటిమి" అంది.

ఆ ఎండాకాలమే నాకు వనపర్తికి బదిలీ అయింది. అద్దె ఇంట్లో పిడికెడు మట్టి లేదు. మిద్దె మీద ఖాళీ రంగు డబ్బాలో ఆ ఒక్క గింజ పెట్టాను. అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. తల తుంచినవా? మంచు ఆరకముందే బూడిద చల్లినవా? దారం కట్టినవా? మా ఇంటాయన ఆరోగ్యం, నా మోకాళ్ల నొప్పులు, అన్నీ చిక్కుడు తర్వాతే. కొన్నిసార్లు విసుగొచ్చి ఫోను ఎత్తేదాన్ని కాదు. అది తలుచుకుంటే ఇప్పుడు కష్టంగా ఉంది.

ఆమె పోయిన రోజు నేను చేరేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. అవ్వను చూసి, కళ్లు తుడుచుకుని, అలవాటు కొద్దీ సందులోకి చూశాను. ఖాళీగా ఉంది. షామియానా తాళ్లకు అడ్డమని ఎవరో తీగను మొదలంటా కోసి లాగేశారు. మేకలు తినగా మిగిలిన కాడలు మురికినీళ్ల మోరీ పక్కన పడి ఉన్నాయి. వాటి మధ్య ఎర్ర దారాలు కనిపించాయి, కాయలు లేవు.

"మాకు సోయి లేకుండె అక్కా. ఇత్తనం గూడ పోయింది" అన్నాడు కొడుకు. అప్పటిదాకా అందరికీ ధైర్యం చెబుతున్నవాడు ఆ మాటతో భోరుమన్నాడు.

"పోలేదు తమ్మీ. మా మిద్దె మీద ఉన్నది" అన్నాను.

మృగశిర వానలు పడ్డాక గింజలు తీసుకుని గద్వాల వెళ్లాను. తల్లి బతికున్నన్నాళ్లూ ఆ సందులో అడుగుపెట్టని మనిషి, మగ్గం గుంటలోంచి లేచి వచ్చి తనే గుంతలు తవ్వాడు. రెండు గుంతలు, గుంతకు రెండు గింజలు. నేను చెప్పకుండానే పడుగు కొసలు పేని తెచ్చి పిట్టగోడకు కట్టాడు. ఇంకా మొలవని తీగల కోసం తెల్లటి తాళ్లు సందులో వానగాలికి ఊగుతున్నాయి.

బస్సుకు బయలుదేరుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"అక్కా, ఎర్ర దారం ఏ నెలల కట్టాలె?"

పుష్యంలో అని చెప్పి, అవ్వ ఆనాడు నాకిచ్చిన దారం ముక్కను సంచిలోంచి తీసి అతని చేతిలో పెట్టాను. ఏటేటా కట్టి విప్పిన దారం. ఎండకూ మంచుకూ అంతా వెలిసిపోయి తెల్లబడింది. ముడి పడే చోట మాత్రం ఎరుపు అట్లాగే ఉంది.