ముందు ఊట, తర్వాత చేతులు

డాక్టరమ్మ పోయారని ఆవిడ దగ్గర పనిచేసిన నర్సు ఫోన్ చేసినప్పుడు నేను బళ్ళారిలో మా యూనిట్లో జీన్సు ప్యాంట్లకు జేబులు కుడుతున్నాను. ఎక్కువ బాధపడకుండా పోయారని కూడా చెప్పింది. మిషను ఆపేశాను. ఏడుపొచ్చింది. కానీ ఏడుపుకన్నా ముందు మనసులోకి వచ్చిన మాటేమిటో దాచకుండా చెప్తాను: అమ్మయ్య, ఆవిడతో చెప్పేశాను. మనిషి పోయిన వార్త విని ఇలా తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం మర్యాద కాదని నాకూ తెలుసు. సంగతంతా వింటే మీరు నన్ను తిట్టుకోరనే అనుకుంటున్నాను.

నాకు కీళ్ళవాతం వచ్చేనాటికి నా చిన్న కూతురు ఇంకా బడికి పోవడంలేదు. పొద్దున లేస్తే వేళ్ళు ముడవడానికి వచ్చేవి కావు. పిల్లకు జడ వేయలేను, జొన్నరొట్టె తట్టలేను, కత్తెర పట్టలేను. కుట్టుపని పోతే ఇల్లు గడవదు. మా ఊరు మోకలో తలా ఒక మాట అన్నారు. చల్లనీళ్ళలో బట్టలుతికినందుకని ఒకరు, బాలింతగా పథ్యం సరిగా చెయ్యలేదని ఇంకొకరు. మా అత్తగారు నాచేత వంకాయ మానిపించింది. వంకాయ పోయింది గానీ నొప్పి పోలేదు.

నాకు అర్థమయ్యేట్టు చెప్పింది డాక్టరమ్మ ఒక్కరే. మొదటిరోజు, "మీ ఇంట్లో కుక్క ఉండాదా?" అని అడిగారు. ఉందన్నాను.

"దొంగల్ని కరవాల్సిన కుక్క ఇంటోళ్ళనే కరిస్తే ఎట్లుంటాది? నీ ఒంట్లో అదే జరుగుతాండాది. దాన్ని చంపకూడదు తల్లీ, కట్టేయాల. ఎంత తాడుతో కట్టాలనేదే నేను చూస్తాండేది."

అప్పుడు ఆవిడ ఒక కొత్త మాత్రను పరీక్షిస్తున్నారు. మాకందరికీ వారానికొకసారి వేసుకునే పాత మాత్ర ఇచ్చేవారు. సగంమందికి దానితోపాటు కొత్తది. మిగిలినవాళ్ళకు చూడ్డానికి అలాగే ఉండే, మందులేని మాత్ర. ఎవరికి ఏది వస్తోందో మాకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. నెలకొక గురువారం వెళ్ళి చేతులు చూపించుకోవాలి, రక్తం ఇవ్వాలి. ఇదంతా చదివి వినిపించి, రెండుసార్లు అడిగి మరీ సంతకాలు తీసుకున్నారు. అయినా బాగుపడనివాళ్ళను తీసేస్తారని బస్సులో ఎవరో అన్నారు. కాగితంలో ఆ మాట లేదు. మేం మాత్రం బస్సులో మాటే నమ్మాం.

మోక నుంచి ఆవిడ ఆసుపత్రికి వెళ్ళేది నలుగురు ఆడవాళ్ళం. నా సంచిలో ఎప్పుడూ ఫ్లాస్కు నిండా వేడినీళ్ళుండేవి. ఆవిడ గది వెనక కొళాయి దగ్గర కూర్చుని, గిన్నెలో పోసుకుని వంతులవారీగా వేళ్ళు నానబెట్టేవాళ్ళం. కాసేపు వేళ్ళు వదులయ్యేవి. ఆ కాసేపట్లోనే చూపించేయాలని లోపలికి ఉరికేవాళ్ళం.

"ఏమ్మా, ఎట్లుండాది?"

"శానా బాగుండాదమ్మా."

నలుగురిదీ అదే జవాబు. తీసేస్తారనే భయం ఒకటి, అంత మంచావిడ మొహం చిన్నబోతుందనే బెంగ ఒకటి.

కానీ డాక్టరమ్మ వెంటనే చేతులు పట్టుకునేవారు కాదు. "ముందు ఊట, తర్వాత చేతులు" అనేవారు. ఊటంటే కన్నడంలో భోజనం. ఆవిడ ఇంటి భాష అది. స్టీలు డబ్బా తీసి మాకందరికీ చిత్రాన్నం పెట్టి, కాలువకు నీళ్ళొచ్చాయా, పిల్లలేం చదువుతున్నారు అని నింపాదిగా కబుర్లు పెట్టేవారు. మా బస్సు వెళ్ళిపోతుందన్నా వినేవారు కాదు. ఈవిడకు తిండి గోల తప్ప వేరే పనిలేదా అని నేను లోలోపల తిట్టుకునేదాన్ని. తినేసరికి నా వేళ్ళు మళ్ళీ కట్టెల్లా బిగిసేవి.

అప్పుడు మొదలుపెట్టేవారు. ఒక్కో కీలునూ బొటనవేలితో, తన గోరు తెల్లబడేదాకా నొక్కేవారు. "నొప్పా?" అని అడుగుతూ చేతిని కాదు, నా ముఖంలోకి చూసేవారు. "లేదమ్మా" అని నవ్వేదాన్ని. ఆవిడ రాసుకునేవారు.

పరీక్ష ముగిశాక మమ్మల్నందరినీ పిలిచి, కొత్త మాత్రవల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని చెప్పారు. మేం దిగాలుపడ్డాం. ఆవిడ నవ్వుతున్నారు. "పనిచెయ్యదని తెలిసింది గదా, ఇంక ఎవురూ దీన్ని ఉత్తగా మింగే పనిలేదు" అన్నారు. తర్వాత పాత మాత్రనే కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ, నెలనెలా రక్తం చూస్తూ నా చేతులు నాకు తెచ్చిచ్చారు. మళ్ళీ మిషనెక్కాను. కూతురికి జడలు వేశాను.

చేతులు బాగయ్యాక మనసు కుదురు తప్పింది. మందు తిన్నవాళ్ళూ తిననివాళ్ళూ అందరం ఒకటే పాట పాడితే ఆవిడకు తేడా ఎలా తెలిసుంటుంది? మా అబద్ధంవల్ల ఒక మంచి మందు చెత్తబుట్టలో పడిందేమో? నాలాగే వేళ్ళు ముడవలేని ఆడది ఇంకోచోట దాన్ని పోగొట్టుకుందేమో? ప్రతి సోమవారం మాత్ర మింగేటప్పుడల్లా ఇదే ఆలోచన. ఆవిడ మేలు పొందుతూ ఆవిడ పనిలోనే మన్ను పోశానని ఏళ్ళ తరబడి కుమిలిపోయాను.

రెండు నెలల క్రితం ఆవిడ మంచంపట్టారని తెలిసి ఇంటికి వెళ్ళాను. అదే ఫ్లాస్కు తీసుకెళ్ళాను. కూర్చోగానే అంతా కక్కేశాను. వింటూ వింటూ ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. దగ్గొచ్చినా నవ్వు ఆపలేదు.

"మీ వేళ్ళు బట్టలుతికొచ్చినట్టు ముడతలు పడుంటే నాకు కనపడదా? గురువారం గురువారం నలుగురూ బట్టలుతికే వస్తారా?"

"మరి అడగలేదేందమ్మా?"

"అడిగితే సిగ్గుపడి రావడం మానేస్తారు. నాకు మీరు రావాల. అందుకే గదా ఊట. ఆ వేడి దిగేదాకా మిమ్మల్ని కూర్చోబెట్టల్లా?"

"అయినా మేం చెప్పిందంతా అబద్ధమే గదమ్మా?" అన్నాను.

"నీ నోటి మాటొక్కటే రాసుకుంటినా? కీళ్ళు నొక్కేటప్పుడు నీ మొహం చూసి రాసినాను, రక్తం తీసినాను. నెత్తురుకు మొహమాటం తెలీదు తల్లీ. ఆ మాత్ర నిజంగానే పనికిరాలేదు. నువ్వేం చెడగొట్టలేదు, పో."

గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. అక్కడే ఏడ్చేశాను.

"ఇప్పుడేముండాది దాంట్లో, నీళ్ళేనా?" అని ఫ్లాస్కు అందుకున్నారు. టీ అన్నాను. మూత తిప్పబోయారు. రెండుసార్లు ప్రయత్నించినా వేళ్ళలో బలం చాలలేదు. నా చేతికిచ్చి, "నువ్వు తియ్యి" అన్నారు.

ఒక్క తిప్పుకు వచ్చేసింది. ఆవిడ టీ వైపు చూడలేదు. నా కుడిచేయి అందుకుని, చూపుడువేలి కీలు మీద బొటనవేలు పెట్టి, ఉన్న కాస్త బలమూ పెట్టి నొక్కారు. గోరు మెల్లగా తెల్లబడింది.

"నొప్పా?"

"లేదమ్మా."

ఈసారి ఆవిడ నా ముఖంలోకి చూడలేదు.