ఎర్ర దారం కట్టలు

ముంబై కామాఠిపురా చాల్‌లోని ఈ ఒక్క గదిలోనే, నా మంచం పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, మా మనుమరాలు ఏదో కంపెనీలో పన్నెండు మంది మీద పెత్తనం చేస్తుంది. మొన్న తొంగిచూస్తే తెర నిండా పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో రంగు. అదేమిటని అడిగితే, ఎవరి పని ఎలా ఉందో ఆ రంగే చెబుతుందని, మూడు నెలలుగా ఎరుపులోనే ఉన్న ఒకతన్ని ఈ వారం తీసేయాలని మరాఠీలో చెప్పింది. ఎరుపు అనగానే నాకు మా ఆడబిడ్డ గుర్తొచ్చింది.

నా ఈడు వాళ్లకు తెలుసు, అప్పట్లో మగవాళ్లు ఇళ్లు కట్టే పనికి పోతే ఆడవాళ్లం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. ఒక ఏడు మాకు ఆకు, తంబాకు ఇచ్చే సేటుకు కొత్త ఆలోచన పుట్టింది. నాగ్‌పాడా దుకాణాల్లో తన బీడీకి పేరు రావాలంటే ఒక్కటి కూడా వదులుగా ఉండకూడదట. అందుకని కట్టకు కట్టే దారం మనిషికో రంగు ఇచ్చాడు, ఎవరి తప్పో దారమే చెప్పేటట్టు. వరసగా మూడు వారాలు వదులు బీడీలు వస్తే ఆ మనిషికి ఆకు బందు, అంటే పని పోయినట్టే. ఏడో తరగతి చదివానని మా వరుస గదుల కట్టలు చూసే పని నాకు అప్పగించాడు. అసలే పాలవాడి చెంబులో వేలు పెట్టి చూసే అనుమానపు మనిషిని, పైగా అధికారం కూడా దొరికింది.

మా అత్తది ఆకుపచ్చ దారం, ఆడబిడ్డది ఎరుపు, నాది నీలం. భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడబిడ్డకు ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగడానికి ఆ బీడీలే ఆధారం. ముసలి అత్త కట్టలు గట్టిగా ఉండేవి, ఆడబిడ్డవి మాత్రం నొక్కితే తంబాకు రాలేది. తల్లీకూతుళ్లు మాకు వీపు పెట్టి మూలన కూర్చునేవాళ్లు, ఇద్దరి కట్టలూ కూతురే కట్టేది. తంబాకు మిగిల్చి ధారావిలో చుట్టాలకు అమ్ముకుంటోందని నాకు తోచింది. తోచడమేమిటి, నమ్మేశాను. ఆమె లేనప్పుడు సంచి వెతికాను, ఏమీ దొరక్కపోతే ఎంత జాణ అనుకున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతాననుకున్నాను. మూడో వారం కూడా సేటు పుస్తకంలో ఎర్ర దారానికి తప్పు గీటు పెట్టాను, ఆకు ఆగిపోయింది. ఆమె ఒక్క మాట అనలేదు. ఆ మౌనం కూడా నాకు సాక్ష్యంగానే కనిపించింది.

మర్నాటి నుంచే ఆమె ఇటుకలు మోసే కూలికి పోయింది. ఆ వారం అత్త ఆకుపచ్చ కట్టలు విప్పితే అన్నీ వదులే. సాయంత్రం సిమెంటు దుమ్ముతో వచ్చిన ఆడబిడ్డ ముందు ఒక కట్ట పెట్టాను. తల్లి వింటోందేమోనని అటు చూసి, మెల్లగా అంది.

“అమ్మ చేతులు వణుకుతున్నయే. నావి ఆమె దారంతోని కట్టిన, ఆమెవి నా దారంతోని. ఆమెకు చెప్పకు, చేతులు పోయినయని తెలిస్తే అన్నం ముట్టది.”

సిగ్గుతో చచ్చిపోయాను. సేటును ఎంత బతిమాలినా ఆగిన ఆకు ఆగినట్టేనన్నాడు. అప్పటి నుంచి అత్త బీడీలు నా నీలం దారంలోకి, నావి ఆమె ఆకుపచ్చలోకి వెళ్లాయి. తనిఖీ చేసేదాని కట్టలను తనిఖీ చేసేవాళ్లు లేరు. అత్త తన చేతులు బాగున్నాయన్న నమ్మకంతోనే పోయింది. ఆడబిడ్డ మాత్రం ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఇటుకలే మోసింది, నన్ను ఏనాడూ దెప్పలేదు.

ఇదంతా మనుమరాలికి చెప్పి, ఆ ఎరుపు అబ్బాయి ఎవరి పని మోస్తున్నాడో కనుక్కున్నావా అని అడిగాను. అతను పుణేలో ఉంటాడట, తనెప్పుడూ చూడలేదట. ఈ కాలం వాళ్లు మనుషులను వదిలి రంగులు చూస్తారని విసుక్కోబోయి ఆగిపోయాను. మా రోజుల్లో అందరం ఒకే గదిలో, మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చునేవాళ్లం. అయినా నేను చూసింది రంగునే. ఆ పేరు ఇంకా తెర మీద ఉందో లేదోనని ఇప్పుడు రోజూ తొంగిచూస్తున్నాను.