చివరి కుర్చీ

మైకు కీచుమంది. ఎవరో దాన్ని వేలితో తట్టి హలో హలో అన్నారు. మొన్న హైదరాబాదులో, మా ఇంజినీర్ల సొసైటీ హాల్లో జరిగిన సంతాప సభ అది. ఆ చప్పుడు వినగానే నా కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. చివరి వరుసలో చివరి కుర్చీలో కూర్చున్నాను. వెంకటయ్య సార్ నేర్పిన అలవాటు. వేదిక మీద దండ వేసి ఉన్న ఫోటో ఆయనదే. బతికున్నన్నాళ్ళు ఆయన్ని ఒక్కసారైనా వేదిక మీదికి పిలవని వాళ్ళు, పోయాక ఫోటోను ఎక్కించారు.

సార్‌ది జనగామ. కరెంటు ఆఫీసులో ఇంజినీరు. ఉద్యోగం పోగా మిగిలిన పొద్దంతా సొసైటీ పనే. అప్పట్లో మంచి ఉపన్యాసం వినాలన్నా, అనుభవమున్న ఇంజినీరును కలవాలన్నా మా వైపు పిల్లలు హైదరాబాదు పోవలసిందే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లికి కలిపి ఒక బ్రాంచి తేవాలన్నది ఆయన పంతం. ముందు కార్యక్రమాలు జరిపి చూపిస్తే గాని బ్రాంచి ఇవ్వరు. అందుకే మాలాంటి కొత్తవాళ్ళను పోగేశారు. నేను కేసముద్రం దగ్గరి తండా పిల్లను. అప్పుడే భూపాలపల్లి కరెంటు ప్లాంటులో చేరాను. ఇంట్లో లంబాడీ, పుస్తకాల్లో ఒక తెలుగు, బజార్లో ఇంకో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. ఇన్ని ఉన్నా నలుగురిలో నోరు పెగిలేది కాదు.

మొదటి సభ రోజు సార్ నాకు అప్పజెప్పిన పని వింటే నవ్వొస్తుంది.

"పోయి ఆఖరి కుర్చీల కూసో బిడ్డా."

"ఏదన్న పని చెప్పుండ్రి సార్. కూసునుడు పనెట్లయితది?"

"గదే పెద్ద పని. ఇనబడకుంటే చెయ్యి లేపు. ఆఖరి కుర్చీకి అందకపోతే మీటింగు కానట్టే."

హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన తనలో తాను గొణుక్కుంటున్నట్టు మాట్లాడాడు. చెయ్యి లేపాను. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆయన మొహం చిట్లించాడు గాని మైకు దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. అంతవరకు ప్లాంటులో అర్థం కాకపోయినా తలూపేదాన్ని. ఆ వారమే మా పై ఇంజినీరుతో "సమజ్ కాలే సార్, మళ్ళ చెప్పుండ్రి" అన్నాను. ఆ ధైర్యం నాకు ఏ కాలేజీ ఇవ్వలేదు.

నాతో పాటే కుర్చీలు మోసినవాడు జనగామ రఘు. చురుకైనవాడు. మైకు చేతికి దొరికితే ఓ పట్టాన వదిలేవాడు కాదు. సార్‌కి వాడంటే ముద్దు.

తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో కేసముద్రంలో ఉపన్యాసం పెట్టుకున్నాం. ఆ రోజే బంద్. రైళ్ళు ఆగిపోయాయి, వక్త రాలేదు. మార్కెట్ ముందు వంటా వార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, జనం వండుకుని అక్కడే తింటున్నారు. ఆగిన లారీల వెనక దాకా మనుషులే.

"ఆయన రాకపాయె. జనమైతే ఉన్నరు గద. నువ్వు చెప్పు" అన్నారు సార్.

"నేనేం చెప్పాలె సార్?"

"బాయిల కాడ మోటర్లెందుకు కాలుతున్నయో చెప్పు. గీళ్ళ పరేషాన్ గదే."

మైకు పట్టుకుని పుస్తకాల తెలుగులో మొదలుపెట్టాను. లారీల దగ్గర ఒక చెయ్యి లేచింది. సార్‌ది.

"ఇనబడుతలేదా సార్?"

"ఇనబడుతున్నది. మాకు సమజైతలేదు. నీ తీరుగ చెప్పు."

నా తీరుగానే చెప్పాను. మా తండా ఆడవాళ్ళకు లంబాడీలో చెప్పాను. కరెంటు రాగానే అన్ని మోటర్లూ ఒక్కసారే తిరిగితే ఓల్టేజీ పడిపోతుందని, అప్పుడు ప్రతి మోటరూ ఎక్కువ కరెంటు గుంజి వేడెక్కి కాలుతుందని. అన్నం ఉడికేదాకా అడుగుతూనే ఉన్నారు. నేను ఇంజినీరునయ్యానని మా నాయిన నమ్మింది ఆ రోజే.

ఆ కార్యక్రమాలన్నీ చూపించి సార్ బ్రాంచి అడిగారు. హైదరాబాదులో కమిటీ పెద్ద నవ్వాడు. "రోడ్డు మీద అన్నం వండుకుంటూ చెప్పేది ఉపన్యాసమాండీ? అయినా ఆ ఊళ్ళలో బ్రాంచి పెడితే ఎవరొస్తారండీ?" పక్కనున్నాయన మా యాసను సినిమాల్లోలా సాగదీసి ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిరుగు రైల్లో సార్ మాత్రం "రాష్ట్రం రానీ బిడ్డా. గప్పుడు సొసైటీ మనదైతది" అన్నారు.

రాష్ట్రం వచ్చింది. సొసైటీ మనదైంది. రఘు కార్యదర్శి అయ్యాడు. సార్ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ వెళ్ళారు. రఘు సార్ కాళ్ళకు మొక్కి, చాయ్ తెప్పించి, మెల్లగా అన్నాడు: "గా ఊర్లల్ల బ్రాంచి పెడితే ఎవరొస్తరు సార్?"

ఒకప్పుడు వాళ్ళ యాసలో విన్న మాట. ఇప్పుడు మన యాసలో విన్నాం. ఇదే ఎక్కువ కాల్చింది. బయటికొచ్చాం. సార్, "మంచిగనే మాట్లాడిండు. మాట్లాడుడు మనమే నేర్పితిమి గద" అన్నారు. తర్వాత ఆయన బ్రాంచి ఊసెత్తలేదు. మనిషి కూడా మునుపటిలా లేరు.

సంతాప సభలో చివరగా రఘు లేచాడు. సొసైటీలో స్వచ్ఛందంగా పనిచేయడం యువ ఇంజినీర్లకు ఎంత మేలు చేస్తుందో వెంకటయ్య సార్‌ను చూసి నేర్చుకోవాలన్నాడు. ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది. నేను చెయ్యి లేపాను.

"ఇనబడుతలేదా అక్కా?" అన్నాడు రఘు.

"అన్నీ ఇనబడుతున్నయి. బ్రాంచి ముచ్చటే ఇనబడుతలేదు."

హాలంతా వెనక్కి తిరిగింది. రఘు మైకును వేలితో తట్టి చూశాడు. మైకు బాగానే ఉంది. నేను చెయ్యి దించలేదు.